దిగేటప్పుడు ఇంజన్ ఇంధనం ఎందుకు కాగిపోతుంది: పంపు, బైపాస్, కూలర్ల లెక్క

ప్రశ్న ఇది: గేర్ పంపు ఉన్న టర్బోఫ్యాన్ ఇంజన్‌లో, పంపు మీద భారం ఎక్కువగా ఉండే టేకాఫ్‌లో ఇంధనం అంతగా వేడెక్కదు. అదే ఇంజన్ ఐడిల్‌లో (కనీస థ్రస్ట్‌లో) విమానం కిందికి దిగుతున్నప్పుడు మాత్రం ఇంధనం ఉష్ణోగ్రత పరిమితి దగ్గరికి వస్తుంది. ఎందుకు? బైపాస్ లైనులో, అంటే పంపు తోడినదాంట్లో మిగిలిన ఇంధనాన్ని వెనక్కి తిప్పే గొట్టంలో, ఒక కూలర్ పెట్టేస్తే సరిపోదా?

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను: అక్కడ కూలర్ పెట్టడమంటే తప్పు చోట ఖర్చు చేయడమే. బైపాస్ లైను కొత్తగా శక్తిని చేర్చదు, పంపు ఇంధనంలోకి ఎక్కించిన శక్తినే వేడిగా వెనక్కి మోసుకొస్తుంది, అంతే. పంపు తోడుతున్న ఇంధనానికి, ఇంజన్ కాలుస్తున్న ఇంధనానికి మధ్య ఉన్న నిష్పత్తే అసలు సమస్య. దాన్ని సరిచేయకుండా కూలర్లు పెంచుకుంటూ పోతే బరువు పెరుగుతుంది గానీ ఇబ్బంది తీరదు.

అమరిక ఎలా ఉంటుందో ముందు చూద్దాం. ట్యాంకు నుంచి వచ్చిన ఇంధనం మొదట సెంట్రిఫ్యూగల్ దశకు వస్తుంది. అక్కడ పీడనం కొన్ని బార్లు పెరుగుతుంది. తర్వాత ఫ్యూయల్-ఆయిల్ కూలర్ (ఆయిల్ వేడిని ఇంధనంలోకి పంపేది), ఆ తర్వాత మెయిన్ ఫిల్టర్, ఆ తర్వాత అధిక పీడన గేర్ దశ. గేర్ దశ నుంచి మీటరింగ్ యూనిట్‌కు వెళ్తుంది. మీటరింగ్ వాల్వ్ ఇంజన్‌కు కావలసినంతే ముందుకు వదులుతుంది. మిగిలినదాన్ని బైపాస్ వాల్వ్ గేర్ దశ ముందుకు తిప్పి పంపుతుంది. మీటరింగ్ వాల్వ్‌కు ఇరువైపులా పీడన భేదాన్ని స్థిరంగా ఉంచడమే ఈ బైపాస్ వాల్వ్ పని. అన్ని ఇంజన్లలోనూ అచ్చం ఇదే వరుస ఉండదు, కానీ చాలావాటికి మూలం ఇదే.

గేర్ పంపు పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ రకం. ఒక చుట్టుకు ఇంత అని తోడుతుంది, ఇంజన్‌కు కావాలా వద్దా అన్నది దానికి పట్టదు. పైగా అది యాక్సెసరీ గేర్‌బాక్స్‌కు బిగించి ఉంటుంది కాబట్టి దాని వేగం కోర్ (ఇంజన్ లోపలి కంప్రెసర్, టర్బైన్ భాగం) వేగాన్ని బట్టి నడుస్తుంది. దిగేటప్పుడు కోర్ వేగం పెద్దగా పడిపోదు, పూర్తి వేగంలో మూడింట రెండు వంతుల పైనే ఉంటుంది. కానీ మండే ఇంధనం టేకాఫ్‌తో పోలిస్తే పదో వంతుకు పడిపోతుంది.

మరి పంపును చిన్నది పెట్టొచ్చు కదా? పెట్టలేం. పంపు పరిమాణాన్ని చాలాసార్లు నిర్ణయించేది టేకాఫ్ కాదు, స్టార్ట్. కోర్ 10 నుంచి 15 శాతం వేగంలో తిరుగుతున్నప్పుడే మంట అంటుకోవడానికి సరిపడా ఇంధనం ఇవ్వాలి, యాక్చువేటర్లకు (ఇంధన పీడనంతో ఇంజన్‌లోని భాగాలను కదిపే పిస్టన్లకు) కావలసిన పీడనం నిలబెట్టాలి, అరిగిన పంపులో లోపల కారిపోయే భాగాన్ని కూడా పూడ్చుకోవాలి. గాలిలో ఆగిన ఇంజన్‌ను విండ్‌మిల్ వేగంతో (ఎదురుగాలికి తిరిగే వేగంతో) మళ్ళీ వెలిగించాలంటే లెక్క ఇంకా బిగుసుకుంటుంది. ఉదాహరణకు పూర్తి వేగంలో సెకనుకు 1.5 కిలోలు తోడే పంపు 12 శాతం వేగంలో సిద్ధాంతపరంగా 0.18 కిలోలు తోడుతుంది. వేడి ఇంధనంతో, అరిగిన పంపులో అందులో సగం దాకా లోపలే జారిపోవచ్చు. మిగిలినది మంటకూ, సర్వోలకూ (యాక్చువేటర్లను నడిపే వాల్వ్‌లకూ) కలిపి బొటాబొటిగా సరిపోతుంది. ఆ 1.5 కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇక అంకెల్లోకి వెళ్దాం. ఇవి ఏ ఒక్క ఇంజన్‌వో కావు. ఒంటి నడవ జెట్ తరగతి ఇంజన్‌కు సరిపోయే స్థాయిలో తీసుకున్న ఉదాహరణలు. సాంద్రత ఘనమీటరుకు 780 కిలోలు, విశిష్టోష్ణం కిలోకు డిగ్రీకి 2.1 కిలోజౌళ్ళు అనుకుందాం.

టేకాఫ్‌లో పంపు సెకనుకు 1.5 కిలోలు తోడుతోంది, పీడనం పెరుగుదల 75 బార్, దక్షత 80 శాతం. షాఫ్ట్ నుంచి తీసుకునే శక్తి సుమారు 18 కిలోవాట్లు. మండుతున్నది సెకనుకు 1.05 కిలోలు. పంపు వల్ల ఇంధనం వేడెక్కేది 8 డిగ్రీలు.

క్రూయిజ్‌లో (ఎత్తులో నిలకడగా ఎగిరేటప్పుడు) 1.4 కిలోలు, 50 బార్, 75 శాతం దక్షత. శక్తి 12 కిలోవాట్లు. మండేది 0.33 కిలోలు. పెరుగుదల 17 డిగ్రీలు.

దిగేటప్పుడు 1.2 కిలోలు, 35 బార్, 70 శాతం దక్షత. శక్తి 7.7 కిలోవాట్లే. కానీ మండేది 0.10 కిలోలు. పెరుగుదల దాదాపు 37 డిగ్రీలు.

శక్తి సగానికన్నా తగ్గింది, ఉష్ణోగ్రత పెరుగుదల మాత్రం నాలుగు రెట్లు దాటింది. సూత్రం ఒక్కటే: పంపు పీల్చే శక్తిని, మండే ఇంధన ప్రవాహం, విశిష్టోష్ణాల లబ్ధంతో భాగించాలి. పంపు గుండా తిరిగే మొత్తం ప్రవాహంతో కాదు. కొత్తగా లెక్క వేసేవాళ్ళు చేసే పొరపాటు ఇక్కడే. మొత్తం ప్రవాహంతో భాగిస్తే 3 డిగ్రీలే వస్తుంది, ఏ సమస్యా లేదనిపిస్తుంది. అది ఒక చుట్టు లెక్క. అదే ఇంధనం పంపు నుంచి బైపాస్‌కూ, బైపాస్ నుంచి పంపుకూ సగటున డజను సార్లు తిరుగుతుంది. లూప్‌లోంచి వేడి బయటికి పోయే దారి మండే ఇంధనమొక్కటే. గోడల నుంచి పోయేది తక్కువ, ఇంజన్ కవచం కింద పరిసరాలే వేడిగా ఉంటాయి కాబట్టి దాన్ని నమ్ముకోకూడదు.

ఆ స్థితికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? లూప్‌లో 3 కిలోల ఇంధనం, 10 కిలోల అల్యూమినియం ఉన్నాయనుకుంటే ఉష్ణ సామర్థ్యం డిగ్రీకి 15 కిలోజౌళ్ళ చిల్లర. మండే ప్రవాహం డిగ్రీకి 0.21 కిలోవాట్లు మోసుకుపోతుంది. కాలస్థిరాంకం 73 సెకన్లు. నాలుగైదు నిమిషాల్లో ఉష్ణోగ్రత నిలకడకు వచ్చేస్తుంది. విమానం దిగడానికి 20 నిమిషాలు పడుతుంది కాబట్టి ఇదేదో తాత్కాలికం, లోహం మింగేస్తుంది అని సర్దిచెప్పుకోవడానికి లేదు. ఇదే అంకెతో ఇంకో హెచ్చరిక: రిగ్ (నేల మీది పరీక్ష వేదిక) మీద అదే వేగంలో పంపును తిప్పుతూ, బయటికి పోయే ప్రవాహాన్ని పూర్తిగా మూసేస్తే లూప్ సెకనుకు అర డిగ్రీ చొప్పున, అంటే నిమిషానికి 30 డిగ్రీలు వేడెక్కుతుంది. మూసిన వాల్వ్ వెనక పంపును వదిలేసి కాగితాలు రాసుకోవడానికి వెళ్ళకండి.

ఇప్పుడు పంపు వేడికి తోడు ఆయిల్ వేడి. బేరింగులు, గేర్‌బాక్స్, సీళ్ళ నుంచి ఆయిల్ సేకరించిన వేడిలో ఎక్కువ భాగం ఫ్యూయల్-ఆయిల్ కూలర్ ద్వారా ఇంధనంలోకే వస్తుంది. జనరేటర్ ఆయిల్‌ను కూడా ఇంధనంతోనే చల్లబరిచే ఇంజన్లు ఉన్నాయి. గేర్డ్ టర్బోఫ్యాన్లలో (ఫ్యాన్‌ను గేర్‌బాక్స్ ద్వారా తిప్పే ఇంజన్లలో) ఈ భారం ఇంకో మెట్టు పెరిగింది. ఫ్యాన్ గేర్‌బాక్స్ 22 మెగావాట్లు బదిలీ చేస్తూ అర శాతమే పోగొట్టుకున్నా అది 110 కిలోవాట్ల వేడి.

కాబట్టి ప్రతి దశలో ఇంధనం ఎంత వేడిని మింగగలదో ముందు లెక్క వేసుకోవాలి. గేర్ దశ తర్వాత పరిమితి 120 డిగ్రీలు అనుకుందాం. క్రూయిజ్‌లో ట్యాంకు ఇంధనం మైనస్ 10 దగ్గర ఉంటే 0.33 కిలోల ప్రవాహం 90 కిలోవాట్లు మింగుతుంది. దిగేటప్పుడు 0.10 కిలోలతో 27 కిలోవాట్లే. అందులో పంపు వాటా 7.7 పోతే ఆయిల్‌కు మిగిలేది 19. ఎండాకాలం మధ్యాహ్నం నేల మీద ట్యాంకు ఇంధనం 49 డిగ్రీలు (బోయింగ్ 737కు గరిష్ఠ ట్యాంకు ఉష్ణోగ్రత ఇదే), మండేది 0.09 కిలోలు అయితే మొత్తం సామర్థ్యం 13 కిలోవాట్లకు పడిపోతుంది. ఇంజన్ డిజైన్‌లో కూలింగ్‌ను నిర్ణయించే బిందువులు సాధారణంగా ఈ రెండే: దిగడం మొదలయ్యే క్షణం, వేడి రోజున దిగాక టాక్సీ. క్రూయిజ్ నుంచి దిగడంలోకి మారే క్షణంలో ఇంకో చిక్కు ఉంది. ఆయిల్ ఇంకా క్రూయిజ్ వేడితోనే ఉంటుంది, ఇంధన ప్రవాహం మాత్రం కొన్ని సెకన్లలో పడిపోతుంది. స్థిర బిందువుల లెక్కలో ఈ శిఖరం కనబడదు, కాలంతో నడిచే నమూనా కావాలి.

వేడి ఇంధనం అసలు చెడ్డదా? కాదు. ఈ మాట చాలామంది మరిచిపోతారు. ఆయిల్ నుంచి ఇంధనంలోకి వెళ్ళిన వేడి తిరిగి దహనగదికే చేరుతుంది. కిరోసిన్ దహనశక్తి కిలోకు 43 మెగాజౌళ్ళు, 100 డిగ్రీలు వేడెక్కిన ఇంధనం తెచ్చేది 0.21 మెగాజౌళ్ళు. అంటే దాదాపు అర శాతం ఇంధనం ఆదా. ఫ్యాన్ గాలిలోకి ఆయిల్ వేడిని వదిలితే ఆ అర శాతం పోగా, గాలి తీసినందుకు థ్రస్ట్‌లోనూ కొంత కోత పడుతుంది. అందుకే ఇంధనాన్ని పరిమితి దాకా వేడెక్కనివ్వడం, ఆపైన మాత్రమే గాలిని వాడడం మంచి డిజైన్ లక్షణం.

పరిమితి ఎక్కడుందన్నది ఒక్క అంకె కాదు. నాలుగైదు వేర్వేరు భయాలు ఒకే చోట కలుస్తాయి.

మొదటిది గసి (కోక్), వార్నిష్. ఇంధనంలో కరిగి ఉన్న ఆక్సిజన్ 150 డిగ్రీలు దాటాక హైడ్రోకార్బన్లతో చురుగ్గా చర్య జరిపి గోడల మీద జిగురుపొరలు పేరుస్తుంది. జెట్ ఇంధనాన్ని ఏఎస్‌టీఎమ్ డీ3241 పద్ధతిలో 260 డిగ్రీల వేడి గొట్టం మీదుగా రెండున్నర గంటలు పంపి పరీక్షిస్తారు. ఫిల్టర్ దగ్గర పీడన భేదం 25 మిల్లీమీటర్ల పాదరసం దాటకూడదు, గొట్టం మీద మచ్చ 3వ రంగు కన్నా లేతగా ఉండాలి. ఆ పరీక్ష గెలిచింది కదా, 260 దాకా పర్వాలేదు అనుకోకండి. అది కొద్ది గంటల పోలిక పరీక్ష, వేల గంటల సర్వీసుకు హామీ కాదు. అమెరికా సైన్యం జేపీ-8+100 అనే సంకలిత ఇంధనాన్ని తెచ్చింది కూడా వాడుక పరిమితిని 163 నుంచి 218 డిగ్రీలకు, అంటే 100 ఫారన్‌హీట్ మేర పెంచడానికే. పేరులోని 100 అదే. పంపు దగ్గర 120 దాటనివ్వకపోవడానికి కారణం, ఆ తర్వాత మానిఫోల్డ్‌లో (నాజిళ్ళకు ఇంధనం పంచే గొట్టంలో), నాజిల్‌లో ఇంకా వేడెక్కాల్సి ఉండటం. పొర మొదట కనబడేది సర్వో వాల్వ్‌ల మైక్రాన్ల సందుల్లో, ఆ తర్వాత నాజిల్ రంధ్రాల్లో.

రెండోది స్నిగ్ధత. జెట్ ఏ-1 (మామూలు విమాన కిరోసిన్) మైనస్ 20 దగ్గర 8 చదరపు మిల్లీమీటర్లు/సెకను దాకా ఉండొచ్చు, 100 డిగ్రీల దగ్గర అది 0.6 ప్రాంతానికి పడిపోతుంది. గేర్ పంపు బేరింగులకు కందెన ఈ ఇంధనమే. పొర పలచబడితే లెడెడ్ బ్రాంజ్ బుషింగ్ మీద గీతలు పడతాయి, రాగి పొడి ఫిల్టర్‌లోకి వస్తుంది. రాగి ఇంధనంలో కలిస్తే గసి ఏర్పడే వేగం కూడా పెరుగుతుంది, ఒక చెడు ఇంకో చెడును పిలుస్తుంది. లీకేజీ సంగతి సరేసరి. సందు గుండా కారేది సందు ఘనానికి అనులోమంగా, స్నిగ్ధతకు విలోమంగా ఉంటుంది. ఉక్కు గేరు 50 మిల్లీమీటర్ల వెడల్పు, అల్యూమినియం హౌసింగ్, 80 డిగ్రీల పెరుగుదల అయితే రెండింటి వ్యాకోచ భేదం 44 మైక్రాన్లు. ఆ సందును అలాగే వదిలేస్తే వేడి పంపు స్టార్ట్‌లో చేతులెత్తేస్తుంది. పీడనంతో గేరు ముఖానికి ఒత్తుకుని ఉండే తేలియాడే బుషింగులు ఉన్నది ఇందుకే. వాటి వెనక సీల్ గట్టిపడితే పంపు చల్లగా ఉన్నప్పుడు పరీక్ష గెలుస్తుంది, వేడిగా ఉన్నప్పుడు ఓడుతుంది.

మూడోది ఆవిరి. కిరోసిన్ ఆవిరి పీడనం తక్కువే, కానీ ఎత్తులో పరిసర పీడనం కూడా పడిపోతుంది. 12 కిలోమీటర్ల దగ్గర అది 19 కిలోపాస్కల్స్. ఎత్తుకు వెళ్ళేకొద్దీ కరిగిన గాలి విడివడి బుడగలవుతుంది. ట్యాంకు బూస్ట్ పంపు పనిచేయక, ఇంజన్ పంపు తానే పీల్చుకోవాల్సి వచ్చినప్పుడు, ఇంధనం వేడిగా ఉండగా విమానం ఎక్కుతుంటే అదే అత్యంత గడ్డు పరీక్ష. సెంట్రిఫ్యూగల్ దశ ముందు ఇండ్యూసర్ (ఇంధనాన్ని లోపలికి లాగే మరలాంటి చక్రం) పెట్టేది దీనికే. గేర్ దశ ముఖద్వారంలో పీడనం చాలకపోతే దంతాల మూలాల దగ్గరా, బుషింగుల మీదా కావిటేషన్ గుంటలు (ఆవిరి బుడగలు పగిలి చేసేవి) పడతాయి. అవి ఎక్కడ పడ్డాయో చూస్తే కారణం తెలుస్తుంది. ముఖద్వారం వైపు గుంటలైతే ఇన్‌లెట్ పీడనం చాల్లేదు. వేడి బైపాస్ ఇంధనం వచ్చి కలిసే చోట గుంటలైతే బైపాస్ జెట్ అమరికే తప్పు.

నాలుగోది సీళ్ళు. ఫ్లోరోకార్బన్ సీళ్ళు 200 డిగ్రీలు తట్టుకుంటాయి గానీ మైనస్ 20 దాటాక బిగుసుకుంటాయి. ఫ్లోరోసిలికోన్ చలికి మంచిది, 175 ప్రాంతం దాకా వేడికీ ఆగుతుంది, రాపిడికి మాత్రం నిలవదు. కదిలే చోట ఒకటి, కదలని చోట ఒకటి వాడుకోవడం మామూలు.

బైపాస్ ఇంధనాన్ని ఎక్కడ కలపాలన్నది డిజైనర్లు ఎక్కువగా వాదించుకునే విషయం. నేరుగా గేర్ దశ ముందు కలిపితే ఫిల్టర్, ఆయిల్ కూలర్ చిన్నవి సరిపోతాయి, ఎందుకంటే వాటి గుండా మండే ఇంధనమే పోతుంది. నష్టం ఏమిటంటే ఐడిల్‌లో కూలర్ గుండా ప్రవాహం బాగా తగ్గి ఉష్ణ బదిలీ బలహీనపడుతుంది. కూలర్ ముందు కలిపితే ప్రవాహం బాగుంటుంది, ఫిల్టర్ ముఖం వెచ్చగా ఉంటుంది, మంచు బెడద తగ్గుతుంది. కానీ కూలర్‌కు వచ్చే ఇంధనం అప్పటికే వేడెక్కి ఉంటుంది, ఫిల్టర్ పెద్దది కావాలి. నిలకడ స్థితిలో గేర్ దశ దాటిన ఉష్ణోగ్రత రెండింటిలోనూ ఒకటే. శక్తి సమతుల్యం మారలేదు కదా. మారేది ఆయిల్ ఉష్ణోగ్రత. నా మొగ్గు మొదటిదానికే, పెద్ద ఫిల్టర్ బరువు జీవితాంతం మోయాల్సి వస్తుంది కాబట్టి.

కూలర్‌ను అధిక పీడన వైపు, మీటరింగ్ తర్వాత పెట్టే పద్ధతి కూడా ఉంది. పంపుకు చల్లని ఇంధనం అందుతుంది, మొత్తం వేడి చివర్లో కలుస్తుంది. అయితే కూలర్ అంత పీడనాన్నీ తట్టుకోవాలి, ఒక గొట్టం చిట్లితే ఇంధనం జోరుగా ఆయిల్‌లోకి పోతుంది.

ఇక ఉపాయాల సంగతి. వరుస ముఖ్యం. మొదట తగ్గించాల్సింది అనవసర పీడనం. పంపు శక్తి ప్రవాహం, పీడనాల లబ్ధం. ప్రవాహం వేగంతో బిగిసిపోయి ఉంది, పీడనమే మీ చేతిలో ఉంది. ఐడిల్‌లో పీడనాన్ని నిలబెట్టేది ప్రెజరైజింగ్ వాల్వ్, యాక్చువేటర్లకు కావలసిన కనీస పీడనం కోసం. యాక్చువేటర్ల పిస్టన్ వైశాల్యం కాస్త పెంచి ఆ కనీస పీడనాన్ని 35 బార్ నుంచి 25కు దించగలిగితే, దక్షత అంతే ఉంటే, పై ఉదాహరణలో పెరుగుదల 37 నుంచి 26 డిగ్రీలకు వస్తుంది. ఏ కూలరూ ఇంత చవగ్గా 11 డిగ్రీలు ఇవ్వదు.

రెండోది పంపును రెండుగా విడదీయడం. రెండు గేర్ జతలు స్టార్ట్‌లోనూ టేకాఫ్‌లోనూ కలిసి పనిచేస్తాయి, క్రూయిజ్, ఐడిల్‌లలో ఒకదాని అవుట్‌లెట్‌ను తక్కువ పీడనానికి తెరిచేస్తారు. అది తిరుగుతూనే ఉంటుంది గానీ పీడనం ఎదుర్కోదు కాబట్టి పంపు వేడి దాదాపు సగమవుతుంది. మార్పిడి క్షణంలో ప్రవాహంలో కుదుపు వస్తుంది, మీటరింగ్ వాల్వ్ దాన్ని నాజిల్ దాకా పోనివ్వకూడదు. ఈ పద్ధతిలో ఎక్కువ పని పట్టేది వేడి దగ్గర కాదు, ఈ కుదుపు దగ్గరే.

వేరియబుల్ వేన్ పంపు కాగితం మీద అన్నిటికన్నా అందంగా ఉంటుంది: కావలసినంతే తోడుతుంది. కానీ వేన్ అంచుల అరుగుదల, పలచని వేడి ఇంధనంలో కందెన లేమి దాన్ని ఖరీదైన వ్యవహారం చేస్తాయి. సెంట్రిఫ్యూగల్ పంపునే ప్రధాన పంపుగా పెట్టొచ్చు గానీ స్టార్ట్ వేగంలో అది పీడనం ఇవ్వలేదు, తోడుగా ఇంకో చిన్న పంపు కావాలి. తక్కువ ప్రవాహంలో దాని దక్షత దారుణంగా పడిపోయి అదీ ఇంధనాన్ని కాచేస్తుంది. ఆఫ్టర్‌బర్నర్ పంపులలో ఇన్‌లెట్‌ను మూసి లోపల ఆవిరి కోర్ ఏర్పడనిచ్చి ఈ చిక్కు దాటతారు. విద్యుత్ మోటారుతో నడిచే పంపు వేగాన్ని ఇంజన్ నుంచి విడదీస్తుంది, సమస్యను మూలంలోనే కోస్తుంది. బదులుగా మోటారు, ఇన్వర్టర్ల వేడి నెత్తిన పడుతుంది, వాటికీ కూలింగ్ కావాలి. పైగా విద్యుత్ పోతే ఇంజన్ ఆరిపోకూడదు.

మూడోది ఆయిల్ వైపు నుంచి సాయం. ఫ్యాన్ గాలితో పనిచేసే ఆయిల్ కూలర్ పెట్టి, ఇంధనం పరిమితికి దగ్గరైనప్పుడే దాని గాలి వాల్వ్ తెరవాలి. బైపాస్ లైనులో ఇంధన కూలర్ వద్దని మొదట్లో చెప్పింది ఇందుకే. ఆయిల్ 130 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఇంధనం 90 దగ్గర. అదే గాలికి ఆయిల్ నుంచి వేడి లాగడం తేలిక, కూలర్ చిన్నది సరిపోతుంది. వేడిగా ఉన్న ఇంధనాన్ని పలచని రెక్కల గొట్టాల్లో ఫ్యాన్ గాలిలోకి తీసుకెళ్తే లీకైన రోజున జరిగేది మంట.

నాలుగోది ట్యాంకుకు తిరిగి పంపడం. జనరేటర్ ఆయిల్‌ను చల్లబరిచిన ఇంధనంలో కొంత భాగాన్ని రెక్క ట్యాంకుకు పంపేస్తే ఇంజన్ గుండా ప్రవాహం కృత్రిమంగా పెరుగుతుంది. రెక్క పెద్ద కూలర్‌లా పనిచేస్తుంది. అయితే ట్యాంకు ఇంధనం వేడెక్కినప్పుడు, మట్టం తగ్గినప్పుడు, ఫైర్ హ్యాండిల్ లాగినప్పుడు ఈ వాల్వ్ తప్పక మూసుకోవాలి. వేడి ట్యాంకు ఎంత ప్రమాదమో 1996 జూలై 17న గాలిలో పేలిపోయిన టీడబ్ల్యూఏ 800 విమానం చూపించింది. దాని మధ్య ట్యాంకు కింద ఉన్న ఏసీ ప్యాక్‌ల వేడికి లోపలి ఆవిరి మండే స్థితికి చేరింది. 2008లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ట్యాంకుల మండే గుణాన్ని తగ్గించే నిబంధన తెచ్చింది. తిరుగు ఇంధనం పెట్టే డిజైన్ ఆ లెక్కలోకి కూడా రావాలి. యుద్ధవిమానాల్లో ట్యాంకే ప్రధాన ఉష్ణ గ్రాహకం కాబట్టి సమస్య ఇంకా తీవ్రం. 2014లో అరిజోనాలోని ల్యూక్ స్థావరంలో ఎఫ్-35లకు ఇంధనం పోసే ట్రక్కులకు తెల్లరంగు వేశారు, ఎండకు ఇంధనం వేడెక్కకుండా.

చివరి మార్గం ఐడిల్ వేగాన్ని కాస్త పెంచడం. మండే ఇంధనం పెరుగుతుంది, వేడి పోతుంది. కంట్రోలర్‌లో రెండు వరుసల లాజిక్ చాలు. కానీ దిగే దూరం పెరుగుతుంది, ఇంధనం వృథా. అత్యవసర రక్షణగా ఉంచుకోండి, రోజువారీ మందుగా కాదు.

వేడిని తగ్గించే ఉత్సాహంలో చలిని మరిచిపోవద్దు. 2008 జనవరి 17న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 38, ట్రెంట్ 895 ఇంజన్లున్న బోయింగ్ 777, హీత్రో రన్‌వేకి ముందే నేలను తాకింది. ప్రయాణంలో ఇంధనం మైనస్ 34 దాకా చల్లబడింది, తక్కువ ప్రవాహంలో పైపుల లోపల పేరుకున్న మంచు, దిగేటప్పుడు థ్రస్ట్ పెంచగానే ఊడి ఫ్యూయల్-ఆయిల్ కూలర్ ముఖాన్ని కప్పేసింది. అదే ఏడాది నవంబరులో డెల్టా 18లోనూ ఇలాంటిదే ఒక ఇంజన్‌లో జరిగింది. ముఖం నుంచి పొడుచుకొచ్చిన గొట్టాల కొసలను ముఖంతో సమం చేయడం దిద్దుబాటు అయింది. అందువల్ల కూలర్‌ను తాకే ప్రవాహం, ముఖం ఉష్ణోగ్రత, ఆయిల్ వేడి ఎంత మిగిలి ఉందన్నది చలి రోజు లెక్కలో కూడా చూడాలి. వేడి రోజు కోసం గాలి కూలర్ వాల్వ్ తెరిచి ఇరుక్కుపోతే చలి రోజు ఇంధనాన్ని వెచ్చబెట్టే ఆయిల్ ఉండదు. ఆ వాల్వ్ చెడితే ఏ వైపు నిలవాలో ముందే తేల్చుకోవాలి.

కొలత గురించి ఒక మాట. థర్మోకపుల్‌ను బైపాస్ కలిసే టీ జంక్షన్‌కు ఆనుకుని పెడితే వేడి పాయనో చల్లని పాయనో చదువుతుంది, సగటును కాదు. పైపు వ్యాసానికి కనీసం పదిరెట్లు దూరంలో, మధ్యలో ఒక వంపు ఉండేలా పెట్టండి. గేర్ దశ ముఖద్వారం, అవుట్‌లెట్, బైపాస్, కూలర్ రెండు వైపులా, బుషింగ్ లోహం: ఈ ఆరు చోట్ల లేకపోతే సమతుల్యం కుదిరిందో లేదో చెప్పలేరు. రిగ్ మీద మామూలుగా వాడే మిల్-పీఆర్ఎఫ్-7024 టైప్ 2 ద్రవం కిరోసిన్ కన్నా పలచన, ఆ లీకేజీ అంకెలను నేరుగా జెట్ ఏ-1కు వేసుకోవద్దు. జెట్ ఏ-1 ఫ్లాష్ పాయింట్ కనీసం 38 డిగ్రీలు. వేడి పరీక్ష అంతా దానిపైనే జరుగుతుంది కాబట్టి నైట్రోజన్ కప్పు, లీకు సెన్సర్, దూరం నుంచి ఆపే ఏర్పాటు లేనిదే మొదలుపెట్టొద్దు.

సర్వీసులో ఉన్న ఇంజన్ ఇంధన ఉష్ణోగ్రత ఎక్కువ చూపిస్తుంటే మొదట పంపు మార్చేస్తుంటారు. అది తొందరపాటు. బైపాస్ వాల్వ్ లేదా రిలీఫ్ వాల్వ్ (పీడనం మితిమీరితే తెరుచుకునేది) కొద్దిగా కారడం వల్ల ఇంధనం వేడెక్కదు: పంపు తోడేది అంతే, పీడనం అంతే, శక్తీ అంతే. కారే దారి మారిందంతే. వేడి పెరిగిందంటే మూడే కారణాలు: పీడనం పెరిగింది, ఆయిల్ వేడి పెరిగింది, లేదా కూలింగ్ తగ్గింది. బైపాస్ వాల్వ్ బిగుసుకుని ప్రవాహమంతా రిలీఫ్ గుండా, 100 బార్ పైన పోతుంటే పంపు వేడి మూడు రెట్లు అవుతుంది. పంపు అవుట్‌లెట్ పీడనం చూస్తే క్షణంలో తెలుస్తుంది. పీడనం మామూలుగా ఉంటే ఆయిల్ వైపు వెళ్ళండి. ఇంధనం, ఆయిల్ రెండూ వేడిగా ఉంటే గాలి కూలర్ వాల్వ్ తెరుచుకోలేదు, లేదా ఆయిల్ ట్యాంకులో ఎక్కువ పోశారు, లేదా ఒక బేరింగ్ చెడుతోంది. చిప్ డిటెక్టర్ (ఆయిల్‌లో లోహపు రజను పట్టేది) చూడండి. ఆయిల్ వేడిగా, ఇంధనం చల్లగా ఉంటే ఫ్యూయల్-ఆయిల్ కూలర్ ఆయిల్ బైపాస్ తెరిచి ఇరుక్కుంది, లేదా కూలర్ మూసుకుపోయింది. ఆయిల్ మట్టం దానంతటదే పెరుగుతూ కిరోసిన్ వాసన వస్తే కూలర్ గొట్టం చిట్లింది. ఇంధన పీడనం సాధారణంగా ఆయిల్ కన్నా ఎక్కువ కాబట్టి ఇంధనమే ఆయిల్‌లోకి పోతుంది. ఇంజన్ నడపకుండా ఆపేయాల్సిన లోపం ఇది. ఇవేవీ కాకపోతే సెన్సర్ కనెక్టర్ విప్పి చూడండి, చాలా కథలు అక్కడే ముగుస్తాయి.

ఇంజన్ ఆపాక జరిగేది వేరే. ప్రవాహం ఆగిపోతుంది, కోర్ వేడి మాత్రం అరగంట, గంట దాకా పంపులోకి, మానిఫోల్డ్‌లోకి పాకుతుంది. నాజిల్ కాడల్లో మిగిలిన ఇంధనం అక్కడే ఉడికి గసి అవుతుంది. తర్వాత నాజిల్ పిచికారీ గీతలు గీతలుగా పడి, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత ఒక చోట ఎక్కువ ఒక చోట తక్కువ చూపుతుంది. ఆపేముందు ఐడిల్‌లో తయారీదారు చెప్పిన నిమిషాలు ఉంచడం, షట్‌డౌన్‌లో మానిఫోల్డ్‌ను ఖాళీ చేసే డ్రెయిన్ సరిగా పనిచేయడం దీనికి మందు. వేడి ఇంజన్‌ను అరగంటలో తిరిగి స్టార్ట్ చేస్తే పంపులో చిక్కుకున్న ఆవిరి వల్ల ప్రవాహం తడబడి వేగం మధ్యలో నిలిచిపోవచ్చు. స్టార్ట్ ఆపి, ఇంధనం తెరవకుండా స్టార్టర్ పరిమితిలో డ్రై మోటరింగ్ చేయండి. ట్యాంకు బూస్ట్ పంపు ఆన్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి, ఎందుకంటే ఆ ఆవిరిని తోసేది దాని పీడనమే.